పద్దెనిమిది మీటర్ల లోపు

తెలంగాణలో నివాస భవనం ఎత్తు 18 మీటర్లకు చేరితేనే అగ్నిమాపక శాఖ నుంచి నిరభ్యంతర పత్రం, అంటే ఎన్‌ఓసీ తీసుకోవాలి. వ్యాపార భవనాలకైతే ఆ హద్దు 15 మీటర్లు. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో వచ్చిన అగ్నిమాపక సర్వీసు చట్టం, 2012లో 168 నంబరు జీవోగా వచ్చిన భవన నిర్మాణ నియమాలు ఈ ఎత్తుల లెక్క మీదే నడుస్తున్నాయి. హైదరాబాదులో జనం కాపురముంటున్న ఇళ్ళలో చాలా భాగం ఈ గీతకు కిందే ఉన్నాయి. బస్తీల్లోని జీ ప్లస్ టూ ఇళ్ళు, కాలనీల్లో స్టిల్ట్ మీద లేచిన అయిదంతస్తుల అపార్ట్‌మెంట్లు అన్నీ దానికిందికే వస్తాయి. 2025 మే 18 ఆదివారం ఉదయం గుల్జార్ హౌజ్ దగ్గర ఎనిమిదిమంది పిల్లలతో సహా పదిహేడుమందిని పొట్టన పెట్టుకున్న ఇల్లు కూడా జీ ప్లస్ టూనే.

గీతకు కిందున్న ఇంటి యజమాని మీద బాధ్యత ఎంత? దీని మీద నగరంలో వినిపించే రెండు పక్షాల వాదననూ ఇక్కడ సంవాదంగా పెడుతున్నాను. మామయ్య బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. విద్యానగర్‌లో రెండువందల గజాల్లో 1986లో ఇల్లు కట్టుకున్నారు. మేనకోడలు ఇంజినీరు. కోకాపేట వైపు లేస్తున్న ఎత్తయిన భవనాలకు స్ప్రింక్లర్లు, నీటి గొట్టాలు, అలారాలు ఎక్కడెక్కడ ఉండాలో గీసి ఇవ్వడం ఆమె ఉద్యోగం.

మామయ్య: అద్దె కాగితం మీద సంతకం పెట్టొద్దని ఫోన్‌లో గట్టిగా చెప్పావు. కారణం వచ్చి చెబుతానన్నావు. చెప్పమ్మా మరి. కింది పోర్షను ఖాళీ అయి మూడు నెలలైంది. పరుపుల వ్యాపారి ఒకాయన వచ్చాడు. ముందు గదిలో దుకాణం పెడతాడట, వెనక రెండు గదుల్లో ఫోమ్ షీట్లు స్టాకు పెట్టుకుంటాడట. కాపురానికొచ్చేవాళ్ళు ఇచ్చే అద్దెకు రెట్టింపు ఇస్తానంటున్నాడు. నా పెన్షను సంగతి నీకు తెలియనిది కాదు.

మేనకోడలు: తెలుసు కాబట్టే ఫోన్‌లో ఒక మాట అనేసి ఊరుకోకుండా వచ్చాను మామయ్యా. ఒక్కటి చెప్పండి. పై రెండంతస్తుల వాళ్ళూ కిందికి దిగడానికి దారులెన్ని?

మామయ్య: ఎన్నేమిటి, ఒకటే మెట్లు. ఈ వీధిలో ఎవరింటికైనా అంతే.

మేనకోడలు: ఆ మెట్లు కింది పోర్షను గుమ్మాన్ని ఆనుకుని మొదలవుతాయి. మీటరు బోర్డు మెట్ల కిందే ఉంది. బోర్డు పక్కన మీ బండి, దాని పక్కన పై వాటా వాళ్ళ కరెంటు స్కూటరు. అది రాత్రంతా అక్కడే చార్జింగులో ఉంటుంది. ఇప్పుడు గోడకు అవతల ఫోమ్ వచ్చి చేరుతుంది. వెనకటి దూది పరుపు అంటుకుంటే చాలాసేపు రాజుకుంటూ పొగ పెట్టేది. ఈ పాలియురిథేన్ ఫోమ్ అలా కాదు, చూస్తుండగానే భగ్గుమంటుంది. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, సైనైడ్ వాయువూ ఉంటుంది. కింద నిప్పు పుడితే మీ మెట్లే పొగగొట్టం అయిపోతాయి. మంట కిందే ఉంటుంది, పొగ మాత్రం నిమిషాల్లో రెండో అంతస్తు గుమ్మంలో ఉంటుంది.

మామయ్య: పొగ వస్తే మెలకువ రాదూ? అంత మొద్దునిద్రా?

మేనకోడలు: రాదు మామయ్యా. నిద్రలో ఉన్నవాడికి చప్పుడు తెలిసినంతగా వాసన తెలియదు. కార్బన్ మోనాక్సైడుకైతే అసలు వాసనే లేదు, మత్తు ఇంకాస్త పెంచుతుంది. ఇళ్ళలో అగ్నిప్రమాదాల్లో పోయేవాళ్ళలో ఎక్కువమంది ఒళ్ళు కాలి పోరు, ఊపిరాడక పోతారు. చాలామందికి మంట కంటపడదు కూడా.

మామయ్య: ఇవన్నీ ‘అయితే’ ‘గనక’ల మీద నడిచే మాటలు. నేను నలభై ఏళ్ళుగా ఈ ఇంట్లో ఉంటున్నాను.

మేనకోడలు: జరిగినవి చెబుతాను వినండి. 2022 సెప్టెంబరు 12, సికింద్రాబాదు. కింద కరెంటు స్కూటర్ల షోరూము, పైన లాడ్జి. ఎనిమిదిమంది పోయారు. 2023 నవంబరు 13, నాంపల్లి బజార్‌ఘాట్. దీపావళి మర్నాడు. అపార్ట్‌మెంటు కింది భాగంలో రసాయనాల డ్రమ్ములు నిలవ పెట్టారు. పై అంతస్తుల్లో కాపురముంటున్నవాళ్ళు కనీసం తొమ్మిదిమంది పోయారు. గుల్జార్ హౌజ్‌లో కింద నగల దుకాణాలు, పైన కుటుంబం. మూడుచోట్లా నిప్పు కింద పుట్టింది, పైన నిద్రపోతున్నవాళ్ళను, తిరుగుతున్నవాళ్ళను తీసుకుపోయింది. మీరు సంతకం పెట్టబోయే కాగితం అలాంటి నాలుగో ఇంటికి పునాది.

మామయ్య: అంతమాట అనకు. నేనేమన్నా చట్టం తప్పుతున్నానా? ఫోన్‌లో నీ నోటితోనే చెప్పావుగా, పద్దెనిమిది మీటర్ల లోపు ఇంటికి ఫైర్ వాళ్ళ కాగితం అక్కర్లేదని. నా ఇల్లు పట్టుమని పదకొండు మీటర్లుండదు. ట్రేడ్ లైసెన్సు ఆ వ్యాపారి తెచ్చుకుంటాడు. కమర్షియల్ మీటరు పెట్టిస్తానన్నాడు. ఇంకేం కావాలి? నిపుణులు కూర్చుని గీసిన గీతే కదా అది, నువ్వూ నేనూ గీసింది కాదు.

మేనకోడలు: ఆ గీత ఎందుకు గీశారో చూడాలి. ఎత్తు పెరిగేకొద్దీ బయటినుంచి నిచ్చెన వేసి మనుషుల్ని దించడం కష్టమవుతుంది. అందుకని ఆ భవనం తన్ను తానే కాపాడుకునేలా కట్టాలి. స్ప్రింక్లర్లు, రెండో మెట్లదారి, నీటి పంపు అందుకే. గీతకు కిందనుంటే బయటివాళ్ళు వచ్చి ఆదుకోగలరన్న ఆశ మాత్రమే ఉంది, ప్రమాదం లేదని దాని అర్థం కాదు. జాతీయ భవన నిర్మాణ కోడ్ అయితే 15 మీటర్లనే ఎత్తయిన భవనం అంటుంది. మన రాష్ట్రం నివాసాలకు ఇంకో మూడు మీటర్లు వదిలింది. ఆ మూడు మీటర్లలోనే నగరంలో ఎన్నో అపార్ట్‌మెంట్లు దూరిపోయాయి.

మామయ్య: సరే, బయటివాళ్ళు వస్తారనే అనుకుందాం. మా వీధి చూశావుగా. రెండువైపులా కార్లు. వినాయక చవితికి పందిరి, పెళ్ళికి షామియానా. ఫైరింజను మలుపు కూడా తిరగదు. ముందు ఆ రోడ్డు సంగతి చూడమను ప్రభుత్వాన్ని. ఆ తరవాత నా మెట్ల దగ్గరికి రమ్మను.

మేనకోడలు: రోడ్డు గురించి మీరన్నది ముమ్మాటికీ నిజం. కానీ గుల్జార్ హౌజ్‌లో ఫైరింజను ఆలస్యం కాలేదు. మొగల్‌పురా స్టేషను దగ్గరే, నిమిషాల్లో వచ్చింది. ఇంటి లోపలికి పోవడానికి సొరంగంలాంటి రెండు మీటర్ల దారి ఉంది. పైకి పోవడానికి మీటరు వెడల్పు మెట్లు, అంతే. వచ్చినవాళ్ళు వెంటనే లోపలికి పోలేకపోయారు, లోపలివాళ్ళు చాలామంది బయటికి రాలేకపోయారు. మొదటి అయిదు నిమిషాలు ఎప్పుడూ ఇంటివాళ్ళ చేతిలోనే ఉంటాయి మామయ్యా. ఆ అయిదు నిమిషాల్లో ఏం జరగాలన్నది ఇల్లు కట్టినవాడు, అద్దెకిచ్చినవాడు ముందే తేల్చేసి ఉంటాడు.

ఇక్కడ మామయ్య కాసేపు మాట్లాడలేదు. ఆ తరవాత ఎత్తుకున్న వాదన నగరంలో ప్రతి ఇంటి యజమానీ ఎత్తుకునేదే. దానికి దొరికిన జవాబు మాత్రం ఆ ఇంటి మీటరు బోర్డులోనే ఉంది.

మామయ్య: మరి నలభై ఏళ్ళలో ఒక్క నిప్పురవ్వ పడలేదే ఈ ఇంట్లో? దీనికేమంటావు?

మేనకోడలు: ఇందాక మీటరు బోర్డు తలుపు తీసి చూశాను. మీరు ఇల్లు కట్టినప్పుడు నాలుగు ట్యూబులైట్లు, నాలుగు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్. ఆ లోడుకు తగ్గ అల్యూమినియం తీగ గోడల్లో వేశారు. ఇప్పుడు అదే తీగ మీద రెండు ఏసీలు, గీజరు, ఇండక్షన్ స్టవ్వు నడుస్తున్నాయి. టన్నున్నర ఏసీ ఒక్కటే ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది. రెండు కిలోవాట్ల గీజరు తొమ్మిదికి దగ్గర. అల్యూమినియం తీగలు జాయింట్ల దగ్గర కాలం గడిచేకొద్దీ వదులవుతాయి, అక్కడ వేడి పుడుతుంది. హాల్లో ఏసీ స్విచ్చు పలక మీద చెయ్యి పెట్టి చూడండి, గోరువెచ్చగా ఉంది. దాని అంచు గోధుమరంగుకు తిరిగింది.

మామయ్య: తీగ వేడెక్కితే ఫ్యూజు పోతుంది. దానికోసమేగా ఫ్యూజు.

మేనకోడలు: పోవాలి. ఇదివరకు పోయేది కూడా. నిరుడు వేసవిలో మాటిమాటికీ పోతోందని ఎలక్ట్రీషియన్ని పిలిచారట, అత్తయ్య చెప్పింది. అతను పింగాణీ ఫ్యూజులో రాగితీగ మూడు పోగులు మెలిపెట్టి బిగించి వెళ్ళాడు. అప్పట్నుంచి ఒక్కసారి కూడా పోలేదు, మీరు సంతోషించారు. ఫ్యూజు తీగ ఉన్నదే కరిగిపోవడానికి మామయ్యా. గోడలోపలి తీగ వేడెక్కకముందే అది కరిగి కరెంటు ఆపెయ్యాలి. ఆ లావు రాగితీగ ఇక కరగదు. ఈసారి లోడు ఎక్కువైతే ముందు కరిగేది గోడలోపలి తీగ మీదున్న ప్లాస్టిక్కే.

మామయ్య: ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు.

మేనకోడలు: చెప్పేవాళ్ళెవరున్నారు మీ ఎత్తు ఇంటికి? కనెక్షను ఇచ్చినప్పుడు ఒకసారి చూశారు. మళ్ళీ నలభై ఏళ్ళలో ఎవరూ వచ్చి చూడలేదు. ఇప్పుడు చెయ్యాల్సింది పెద్ద పనేం కాదు. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో పాత ఫ్యూజులు తీయించి, లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే ఎంసీబీలు వేయించండి. ఏసీలకు, గీజరుకు విడివిడిగా నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగితీగ లాగించండి. భూమిలోకి కరెంటు లీకైతే పట్టుకునే ఆర్‌సీసీబీ ఒకటి బోర్డులో పెట్టించండి. లోడు పెంచమని కరెంటాఫీసులో దరఖాస్తు ఇవ్వండి. మెట్ల కింద బళ్ళు తీయించండి, ముందుగా ఆ కరెంటు స్కూటరు.

మామయ్య: ఆ అబ్బాయిని బండి పెట్టుకోవద్దని ఎలా అంటాను? అద్దె సరిగ్గా ఇచ్చే మనిషి.

మేనకోడలు: బండి వద్దనక్కర్లేదు. ముందు ఖాళీ స్థలంలో, గోడకు దూరంగా, పగటిపూట చార్జింగు పెట్టుకొమ్మనండి. సొంత ప్లగ్గు వేయించి ఇవ్వండి, ఎక్స్‌టెన్షన్ వైరు మీద వద్దు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడకగదిలో చార్జింగు పెట్టిన బ్యాటరీ పేలి ఆ ఇంట్లో ఒకాయన చనిపోయాడు. అదే నెలలో నిజామాబాదులో హాల్లో పెట్టిన బ్యాటరీ పేలి ఎనభై ఏళ్ళ పెద్దాయన పోయాడు. వాళ్ళూ జాగ్రత్తపరులే అయ్యుంటారు.

మామయ్య: నిప్పు ఎప్పుడో ఒకసారి వస్తుంది, రాకపోనూ వచ్చు. దొంగ అలా కాదు. పోయిన ఏడాది ఈ వీధిలో రెండిళ్ళు దోచారు. కిటికీలకు, బాల్కనీకి ఇనుప గ్రిల్సు పెట్టించింది నేనొక్కణ్ణే కాదు. మెట్ల దగ్గర గేటుకు తాళం, టెర్రస్ తలుపుకి తాళం. ఇవన్నీ తీసెయ్యమంటే మాత్రం నేను వినను. మీ ఇంజినీర్లు ప్రమాదం ఒకవైపు నుంచే చూస్తారు. రాత్రి ఒంటరిగా పడుకునే ముసలివాళ్ళ భయం మీ డ్రాయింగుల్లో ఉండదు.

ఈ మాటను నేను తేలిగ్గా తీసుకోలేను. నగరంలో ఇళ్ళు పంజరాల్లా మారడానికి కారణం పిచ్చి కాదు, భయం. ఆ భయానికి కారణమూ ఉంది. అగ్నిమాపక నియమాలు రాసేవారు ఎంతసేపూ గ్రిల్సు తీసెయ్యమనే చెబుతారు. తీసేసినవాడి ఇంటికి కాపలా ఎవరుంటారో చెప్పరు.

మేనకోడలు: గ్రిల్సు తీసెయ్యమని నేను అనడం లేదు. ప్రతి అంతస్తులో రోడ్డువైపు కిటికీ ఒక్కదానికి గ్రిల్‌లో ఒక భాగం కోసి, కబ్జాలు వేయించి, తలుపులా తెరుచుకునేలా చేయించండి. వెల్డింగువాడికి అది సగం రోజు పని. లోపల గడియ, కావాలంటే తాళం. బయటినుంచి చెయ్యి పెడితే అందనంత దూరంలో, ఇంట్లో పిల్లకు కూడా అందే ఎత్తులో మేకుకు తాళంచెవి తగిలించండి. గేటు తాళంచెవి ఎక్కడుంటుంది?

మామయ్య: నా చొక్కా జేబులో.

మేనకోడలు: టెర్రస్‌ది?

మామయ్య: అది... బీరువా సొరుగులో ఉండాలి.

అప్పటిదాకా వంటగదిలోంచి వింటున్న అత్తయ్య బయటికి వచ్చింది.

అత్తయ్య: బీరువాలో లేదు. మొన్న వడియాలు పెట్టడానికి పైకి పోదామంటే గంటసేపు వెతికాను. ఆఖరికి మీ కళ్ళజోడు డబ్బాలో దొరికింది. పైవాళ్ళ నాయనమ్మకు మోకాళ్ళ నొప్పులు, పాపం మెట్లు దిగాలంటేనే పది నిమిషాలు. నిజంగా కింద ఏదన్నా అయితే ఆవిడ పైకి పోవాల్సిందే. అక్కడేమో తాళం. పైవాళ్ళ ఇద్దరు పిల్లలూ రోజూ నా దగ్గర ఆడుకుంటారండీ. ఆ పరుపులాయనకు రావద్దని చెప్పండి.

మామయ్య: నువ్వూ దాని పక్షమే. సరే, తాళాల సంగతి ఒప్పుకున్నాను. ఇనుముకు కబ్జాలు వేయిస్తే పోయేదేం లేదు. అయినా మా చిన్నప్పుడు మా ఊళ్ళో ఇన్ని రూల్సు లేవమ్మా. అన్నీ తాటాకు ఇళ్ళే. మనుషులు జాగ్రత్తగా ఉండేవారు, అంతే. వడగాలి రోజుల్లో పొద్దెక్కకముందే వంటలు ముగించి పొయ్యిలో నిప్పు ఆర్పెయ్యాలని మునసబు దండోరా వేయించేవాడు. చూరు కింద నీళ్ళ కుండలు నింపి పెట్టాలి. నిప్పు మిగిల్చినవాణ్ణి రచ్చబండ దగ్గర నలుగురిలో నిలబెట్టి అడిగేవాళ్ళు.

మేనకోడలు: మామయ్యా, అది రూలు కాక మరేమిటి? మీ పొయ్యి, మీ కట్టెలు, మీ అన్నం. వాటిమీద ఊరికి ఏం హక్కు? మీ చూరులో పడ్డ రవ్వ గాలికి పక్కవాడి చూరుకు పోతుంది కాబట్టి ఆ హక్కు వచ్చింది. ఆ ఊళ్ళో ‘నా ఇల్లు నా ఇష్టం’ అన్నవాణ్ణి మీ నాన్నగారే ఊరుకునేవారు కాదు. ఇప్పుడు మీ పక్క ఇల్లు పక్కన లేదు, మీ నెత్తిమీద ఉంది. మీ కింది గదిలో నిప్పు పుడితే ఆ పిల్లలకు వేరే దారి లేదు. అద్దె తీసుకున్న రోజునే మెట్లు మీ ఒక్కరివి కాకుండా పోయాయి.

మామయ్య: ...దండోరా వేసిన మునసబు మా వీధివాడే. వాడి ఇల్లూ తాటాకుదే. తప్పు చేస్తే వాడి ఇల్లూ కాలుతుంది. అదీ తేడా. నువ్వు తెమ్మంటున్న రూలు ఎవరు చూస్తారు? ఎక్కడో ఆఫీసులో కూర్చున్నవాడు. నా స్నేహితుడొకాయన తొమ్మిదంతస్తుల భవనంలో ఫ్లాటు కొన్నాడు. ఎన్‌ఓసీకి ఫ్రేము కట్టించి లాబీలో వేలాడదీశారు. నీటి పంపు తిరగదు. ఫైర్ గొట్టం ఉండాల్సిన ఎర్రపెట్టెలో చీపుళ్ళు. కాగితం మాత్రం సరిగ్గా ఉంది. ఆ గీతను కిందికి దింపితే లక్షల ఇళ్ళ గుమ్మాల్లోకి అలాంటి కాగితమే వస్తుంది. కాగితంతో పాటు దానికో రేటు. సెట్‌బ్యాక్ మింగి కట్టినవాళ్ళ దగ్గర డబ్బు కట్టించుకునే పథకాలు పెట్టి 2007లో బీపీఎస్ అని, 2015లో బీఆర్‌ఎస్ అని క్రమబద్ధం చేస్తామన్నది ప్రభుత్వమే కాదూ? గాలి కోసం, దారి కోసం వదలమన్న జాగాను డబ్బుకు వదిలేసుకున్నవాళ్ళు నాకు నిప్పు గురించి చెబుతారా?

మేనకోడలు: క్రమబద్ధీకరణ గురించి నాకూ మీకున్నంత కోపం ఉంది. సెట్‌బ్యాక్ అంటే ఇంటి చుట్టూ మనిషి తిరగడానికి, నిచ్చెన ఆనించడానికి మిగిలిన జాగా. దాన్ని అమ్ముకోవడం తప్పే. పంపు తిరగకపోవడమూ నేను కళ్ళారా చూసేదే. కానీ ఆ ఎర్రపెట్టెలో చీపుళ్ళు పెట్టింది ఆఫీసరు కాదు మామయ్యా, ఆ ఫ్లాట్లవాళ్ళే. నెలనెలా మెయింటెనెన్సు కట్టేవాళ్ళలో ఒక్కరైనా పంపు తిప్పి చూపించమని అడిగారా? ఇంకో సంగతి. 2020లో టీఎస్-బీపాస్ చట్టం వచ్చింది. అయిదువందల చదరపు మీటర్ల లోపు స్థలంలో, పది మీటర్ల లోపు ఎత్తులో ఇల్లు కట్టుకునేవాడు తనంతట తాను ప్రకటన ఇస్తే చాలు, అనుమతి వెంటనే వచ్చేస్తుంది. అంటే ప్రభుత్వం యజమాని మాటను నమ్ముతోంది. ఆ నమ్మకం నిప్పు విషయంలోనూ అడగండి. అయిదేళ్ళకోసారి లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో వైరింగు చూపించి, మెట్లదారి ఖాళీగా ఉందని యజమానే సంతకం పెట్టాలి. అబద్ధమైతే బాధ్యత అతనిదే. ఇందులో గుమ్మంలోకి వచ్చే ఇన్‌స్పెక్టరు ఎక్కడున్నాడు?

మామయ్య: సంతకం పెట్టేవాడికి ఆ ఎలక్ట్రీషియనే రేటు చెబుతాడు. నాకు నమ్మకం లేదు. నా ఇంట్లో నేను చేయిస్తాను, అది వేరు. చట్టంగా తేవడానికి మాత్రం ఒప్పుకోను.

మేనకోడలు: మీలాగా వినేవాళ్ళ కోసం చట్టం అక్కర్లేదు. విననివాళ్ళ ఇళ్ళలో అద్దెకుంటున్నవాళ్ళ కోసం కావాలి. డాలస్‌లో మీ అబ్బాయి ఇంట్లో పొగ అలారం చూశారు కదా?

మామయ్య: ఎందుకు చూడలేదు! మీ అత్తయ్య పోపు పెట్టినప్పుడల్లా గీ పెట్టేది. కిటికీలన్నీ తెరిచి దాని కింద తువ్వాలు విసరడమే నా పని.

మేనకోడలు: అక్కడ అద్దెకిచ్చే ఇంట్లో అది లేకపోతే యజమాని చట్టానికి జవాబు చెప్పుకోవాలి. ఒంటరి ఇల్లయినా సరే. మన దగ్గర వంటగదిలో పొగ అలారం వద్దు. పోపుకు మోగితే బ్యాటరీ తీసి పక్కన పడేస్తాం, ఆ తరవాత అది ఉన్నా లేనట్టే. వంటగదికి వేడిని పసిగట్టేది పెట్టాలి. పొగది పడకగదుల బయట, మెట్ల పైకప్పున ఉండాలి. బ్యాటరీతో నడిచేది, మిక్సీ ధర కూడా ఉండదు. నిద్రలో ముక్కు పనిచేయదు, చెవి చేస్తుంది.

మామయ్య: దేవుడి దగ్గర దీపం కూడా పెట్టొద్దంటావేమో అని భయంగా ఉంది.

మేనకోడలు: దీపం ఎవరు వద్దంటారు? వెడల్పాటి ఇత్తడి పళ్ళెంలో పెట్టండి. తెరలు, కాగితం దండలు దగ్గర లేకుండా చూడండి. అఖండదీపమైతే ఇంట్లో ఎవరో ఒకరు మెలకువగా ఉండాలి. ఆ మాట మా అమ్మమ్మే చెప్పేది.

అత్తయ్య: గ్యాస్ సంగతి కూడా చెప్పవే. మొన్న వాసనొస్తే మీ మామయ్య గబగబా ఎగ్జాస్ట్ ఫ్యాను వేశారు.

మేనకోడలు: అయ్యో, అది మాత్రం ఎప్పుడూ చెయ్యకండి. సిలిండరు గ్యాసు గాలికంటే బరువు, నేలమీద పేరుకుంటుంది. స్విచ్చు వేసినా తీసినా లోపల చిన్న రవ్వ పుడుతుంది, అది చాలు. రెగ్యులేటరు కట్టెయ్యాలి, తలుపులూ కిటికీలూ తెరవాలి, బయటికి వచ్చి 1906కి ఫోను చెయ్యాలి. ఆ రబ్బరు గొట్టం మీద తయారీ ఏడాది ఉంటుంది. అయిదేళ్ళు దాటితే మార్చెయ్యాలి. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్ళు పొయ్యకూడదు, మూత పెట్టి స్టవ్వు కట్టెయ్యాలి.

మామయ్య: సరే తల్లీ. పరుపులాయనకు రేపు పొద్దున ఫోను చేసి కుదరదని చెబుతాను. అద్దె తగ్గినా కాపురానికొచ్చేవాళ్ళనే చూస్తాను. ఎలక్ట్రీషియన్ని నువ్వే పంపు. కానీ చట్టం విషయంలో నువ్వు నన్ను ఒప్పించలేదు.

మేనకోడలు: మీరూ నన్ను ఒప్పించలేదు మామయ్యా.

వాళ్ళిద్దరూ అక్కడ ఆగారు. ఇక నా మాట. లంచం గురించి మామయ్య చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా కొట్టివేయలేను. అయినా చట్టం విషయంలో నేను మేనకోడలి పక్షమే. అన్ని ఇళ్ళకూ ఒకేసారి నియమాలు దింపితే అవి కాగితం మీదే మిగిలిపోతాయి. అందుకని జనం పోతున్న చోటు నుంచి మొదలుపెట్టాలి. కింద దుకాణమో, గోదామో, వర్క్‌షాపో ఉండి, పైన మనుషులు కాపురముండే ప్రతి భవనాన్నీ ఎత్తుతో నిమిత్తం లేకుండా అగ్నిమాపక చట్టం కిందికి తేవాలి. అలాంటి భవనానికి వ్యాపారంతో సంబంధం లేని రెండో దారి ఉండాలి. ఆ దారి లేకపోతే కింద మండే సరుకు నిలవ పెట్టనివ్వకూడదు. ట్రేడ్ లైసెన్సు ఇచ్చే అధికారి మెట్లు చూడకుండా సంతకం పెట్టకూడదు. సికింద్రాబాదు, నాంపల్లి, గుల్జార్ హౌజ్‌ల తరవాత కూడా ఈ ఒక్క పని చేయకపోతే అది ప్రభుత్వం తప్పే.

ఆ చట్టం వచ్చేదాకా ఇంటి యజమానులు ఆగనక్కర్లేదు. ఇది చదివినవాళ్ళు ఈ రాత్రి పడుకునేలోపు మూడు పనులు చేయండి. ఒకటి, మెట్ల మీద, మెట్ల కింద ఉన్న బళ్ళు, చెప్పుల స్టాండ్లు, పాత సామాను తీసెయ్యండి. రెండు, గేటుకు, టెర్రస్‌కు వేసే తాళంచెవులు ఎక్కడున్నాయో అద్దెకున్నవాళ్ళతో సహా ఇంట్లో అందరికీ చూపించండి. మూడు, మీటరు బోర్డు తెరిచి ఫ్యూజులో ఏ తీగ ఉందో చూడండి, కానీ దాన్ని మీరు ముట్టుకోకుండా ఎలక్ట్రీషియన్ని పిలవండి. అగ్నిమాపక కేంద్రం నంబరు 101. అన్ని అత్యవసరాలకూ 112. గ్యాస్ లీకుకు 1906.